చెయ్యి తిరిగిన రోజులు

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ రోజు కూడా అడిగాడు. కాఫీ గ్లాసు ఇస్తే కుర్చీలోంచి లేచి నిలబడి, రెండు చేతులతో అందుకుని, "మీరెవురు మేడమ్?" అన్నాడు.

మా ఆయన రమణ. మూడేళ్ల కిందట రిజిస్ట్రారు ఆఫీసులో నా పక్కన నిలబడి, చెయ్యి వణక్కుండా సంతకం పెట్టిన మనిషి. "కోమలిని" అన్నాను. "మంచి పేరు మేడమ్" అన్నాడు. రోజూ ఇదే మాట. పెళ్లికి ముందు కూడా నా పేరును ఇన్నిసార్లు మెచ్చుకోలేదు.

తర్వాత చొక్కా గుండీలు పెట్టుకుని డ్యూటీకి బయలుదేరతాడు. తిరుమల కొండ బస్సు డ్రైవరు కదా. ఘాట్ రోడ్డు మలుపులన్నీ ఇప్పటికీ వరసగా చెబుతాడు. "ఈ పొద్దు నీకు సెలవు" అని కూర్చోబెట్టాలి. నేను గ్లాసు కడిగి వచ్చేలోపల మళ్లీ గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ ఉంటాడు. నేను కాలేజీకి పోయినంతసేపు పక్కింటివాళ్లు కనిపెట్టుకుని ఉంటారు.

దీపావళికి వచ్చిన మెదడువాపు జ్వరం తగ్గింది. పోతూ పోతూ నాలుగైదేళ్లు వెంట పట్టుకుపోయింది. ఆ నాలుగైదేళ్లలో నేనున్నాను. అమ్మ, అన్న, ఊరు, స్టీరింగు అన్నీ భద్రంగా ఉన్నాయి. కొత్తగా చెప్పింది మాత్రం పావుగంట కూడా నిలవదు. "కొత్తది ఏదీ ఎక్కదమ్మా, ఆశ పెట్టుకోవద్దు" అన్నాడు డాక్టరు. మనస్తత్వశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఆశ అంటే ఏమిటో ఆయనకు ఒక గంట క్లాసు తీసుకోగలను.

నేను బాగానే ఉన్నాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

చిత్తూరు దగ్గర వాళ్ల ఊరి నుంచి అత్త రాఘవమ్మ, బావ హరినాథ్ కారులో వచ్చారు. మంచినీళ్లు ఇచ్చాను. అత్త గ్లాసు పుచ్చుకుని పక్కన పెట్టింది. మూడేళ్లుగా మా ఇంట్లో ఆమె గొంతు తడవలేదు. మామిడి తోటల ఇంటివాళ్లు, నేనేమో పూలమ్ముకునే ఇంటి పిల్లను.

రమణ అమ్మను చూడగానే "ఎప్పుడొచ్చినావుమా?" అంటూ పక్కకు పోయి కూర్చున్నాడు. నన్ను చూపించి, "ఈ మేడమ్ బాగా చూసుకుంటాదిమా" అన్నాడు. ఆ ఒక్క మాట చాలు, అత్త అందుకుంది.

"వానికి పెండ్లయిన సంగతే తెలీదు. తెలీని పెండ్లి ఎట్ల పెండ్లవతాదో నువ్వే సెప్పు కోమలీ, సదువుకున్నదానివి. ఊర్లో అయితే తోటా బాయీ అన్నీ ఎరికే వానికి. ఈడ గోడలు సూసుకుంటా కూసుంటాడు."

ఒళ్లు మండిపోయింది. బావ కొంచెం మెత్తని మనిషి. "తప్పుగా అనుకోవద్దమ్మా" అన్నాడు. "కొత్తది ఏదీ ఎక్కదని డాక్టరే అనె. మే నెలలో గంగమ్మ జాతర అయినాక కారు తెస్తా, తీసకపోతా. అంతలోపల వాడు ఒక్క పని, ఒక్కటే కొత్త పని నేర్చుకున్నాడంటే నేను నోరెత్తను. మాయమ్మను గూడా నేనే ఒప్పిస్తా."

"మాట మీద ఉంటావా బావా?"

"ఉంటా."

పాపం, ఎవరితో పందెం కాశాడో ఆయనకు తెలియదు. గెలుస్తానో లేదో నాకూ తెలియదు, అది వేరే సంగతి. కారు వెళ్లిపోయాక అత్త తాగని నీళ్లు నేనే తాగేశాను.

ఫిబ్రవరి 10, సోమవారం

బీఏ చివరి ఏడాది వాళ్లకు మనస్తత్వశాస్త్ర చరిత్ర మొదలుపెట్టాను. ఏ ఏడాదైనా ఆ పాఠం ఒక గదితోనే మొదలవుతుంది. 1879లో జర్మనీలో, లైప్‌జిగ్ ఊళ్లో, వుంట్ అనే ఆయన కొన్ని గడియారాలు, గంటలు, లోలకాలు పెట్టుకుని ఒక గదిలో కూర్చున్నాడు. అంతవరకూ మనసు తత్వవేత్తల సొత్తు. గంట మోగిన క్షణానికీ, విన్నానని మనిషి మీట నొక్కిన క్షణానికీ మధ్య ఎంత సేపు పట్టిందో ఆయన కొలిచాడు. మా శాస్త్రం తాను పుట్టిన ఇల్లని చెప్పుకునేది ఆ గదినే.

వెనక బెంచీలో కృపారాణి చెయ్యెత్తింది. "మనసును కొలిచి ఏం చేస్తారు మేడమ్?"

"ముందు, అది ఉందని మిగతావాళ్లను ఒప్పిస్తాం" అన్నాను. పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు.

క్లాసు అయ్యాక మా డిపార్ట్‌మెంటు హెడ్డు గుణశేఖర్ గారి దగ్గరికి పోయి, ప్రయోగశాల బీరువాలోని అద్దం బల్ల ఇంటికి తీసుకుపోతానని అడిగాను. "బొద్దింకలకు తప్ప అది ఎవురికి కావల్లమ్మా, తీసకపో" అన్నాడు. ఎందుకని అడగలేదు. చాలా మంచివాడు.

ఫిబ్రవరి 12, బుధవారం

ఇది ప్రయోగం కాదు. కాలక్షేపం.

బల్ల మీద ఇత్తడి రేకు ఉంటుంది. రేకులో నక్షత్రం ఆకారంలో ఒక గాడి. దాన్ని నేరుగా చూడకుండా ఒక తెర అడ్డం. ఎదురుగా అద్దం. అద్దంలో చూసుకుంటూ ఇనుప పుల్లతో గాడి వెంబడి పోవాలి. ముందుకు పోతున్నాననుకుంటే చెయ్యి వెనక్కి పోతుంది. గాడి తప్పి రేకుకు తగిలితే గంట మోగుతుంది. నేను ఎంఏలో మొదటిసారి చేసినప్పుడు ఏడుపొక్కటే తక్కువ.

రమణ పుల్ల పట్టుకున్నాడు. గంట మోగుతూనే ఉంది. పక్కింటివాళ్లు ఐసు బండి అనుకుని గేటు దాకా వచ్చారు. "రివర్సు గేరు మాదిరి ఉండాదే మేడమ్" అని నవ్వాడు. జ్వరం తర్వాత ఆయన నవ్వడం ఇదే మొదలు.

ఫిబ్రవరి 13

"ఇదేంది మేడమ్, ఎప్పుడూ చూళ్లేదే" అన్నాడు. గంట మోగింది, మోగింది, మోగింది.

ఫిబ్రవరి 20, గురువారం

కాలేజీలో వార్షికోత్సవం. పట్టుచీర కట్టుకుని, అక్క పంపిన కనకాంబరాలు పెట్టుకుని బయలుదేరాను. రమణ గుమ్మం దగ్గర నన్ను ఆపాడు. ఏం చెబుతాడోనని చూశాను.

"మేడమ్, కొండకు పోతావుంటే పూలు తీసేయండి. పైన పెట్టుకోగూడదు."

ఎన్నేళ్లు ఎంతమంది ఆడవాళ్లకు చెప్పి ఉంటాడో అలిపిరి దగ్గర బస్సు ఆపి. కొండ మీద పూలన్నీ స్వామివే కదా. నేను పోయేది కాలేజీకి. అయినా తీసి కిటికీలో పెట్టేశాను. ఎందుకు తీశానో అడిగితే చెప్పలేను.

ఫిబ్రవరి 24, సోమవారం

గంట మోగలేదు.

మోగలేదు. ఒక్కసారి కూడా. "ఇట్లాంటిది ఎన్నడూ చూళ్లేదు మేడమ్, నాకు చేతనవతాదా" అంటూనే పుల్ల పట్టుకుని, అద్దంలోకి చూస్తూ, తిరుమల దిగువ ఘాటులో మలుపులు తిప్పినంత తీరుబడిగా నక్షత్రం చుట్టేశాడు. చుట్టేసి, "సులువుగానే ఉండాదే" అన్నాడు.

ఇక దాచేదేముంది, నేను ఆ బల్ల తెచ్చిందే దీనికోసం. డెబ్భై ఏళ్ల కిందట అమెరికాలో ఒకాయనకు మూర్ఛలు తగ్గించడానికి మెదడులో రెండు పక్కలా కొంత తీసేశారు. మూర్ఛలు తగ్గాయి, కొత్త జ్ఞాపకాలు ఆగిపోయాయి. ఒక సైకాలజిస్టు, ఆవిడ, ఆయన చేత ఇలాంటి నక్షత్రమే గీయించింది. ఆయనకు నిన్న గీసిన సంగతి గుర్తు లేదు. చెయ్యి మాత్రం రోజురోజుకూ నేర్చుకుంది. జ్ఞాపకం అంటే ఒకటే గది అనుకున్న శాస్త్రానికి, లోపల వేర్వేరు గదులున్నాయని ఆ మతిమరుపు మనిషి చెయ్యి చూపించింది. ఏటా ఇరవై మార్కుల ప్రశ్నకు జవాబుగా చెబుతున్నదాన్ని, మా ముందు గదిలో కళ్లారా చూశాను. లైప్‌జిగ్ గదికన్నా మా ముందు గది ఏం తక్కువ!

బావకు ఫోను చేశాను. అంతా విన్నాడు. "సంతోషమే. అయితే బొమ్మలు గీస్తే కడుపు నిండదు గదమ్మా. నేను పని అన్నా" అన్నాడు.

అన్నాడు, నిజమే.

మార్చి 3, సోమవారం

ఎబ్బింగ్‌హాస్ పాఠం. అర్థం లేని అక్షరాల వరసలు వందలు తయారుచేసుకుని, తానే బట్టీపట్టి, తానే మరిచిపోయి, ఎంత మరిచిపోయానో తానే కొలుచుకున్న మహానుభావుడు. అయ్యవారూ ఆయనే, పిల్లకాయా ఆయనే. మతిమరుపును గీత గీసి చూపించాడు. గీత మొదట జారి, తర్వాత నెమ్మదిస్తుంది. మా ఇంట్లో గీత నిట్టనిలువుగా కిందికి పోయింది.

తర్వాత జెనీవా డాక్టరు కథ చెప్పాను. ఆయన దగ్గర ఒక ఆడమనిషి ఉండేది, ఏదీ గుర్తుండదు, డాక్టరును కూడా రోజూ కొత్తవాడిలాగే చూసేది. ఒకరోజు ఆయన వేళ్ల మధ్య గుండుసూది దాచి చెయ్యి కలిపాడు. మరుసటిసారి ఆమె చెయ్యి ఇవ్వలేదు. ఎందుకని అడిగితే ఆమెకే తెలియదు.

పిల్లలు రాసుకుంటున్నారు. నాకు మాత్రం ఉన్నట్టుండి ఆ డాక్టరు మీద కోపం వచ్చింది. సూది గుర్తుంటే తీపి గుర్తుండదా? నూరేళ్లకు పైగా పాఠం చెబుతున్నారే, ఒక్కరైనా ఆమె చేతిలో బెల్లం ముక్క పెట్టి చూశారా?

ఇంటికి వచ్చేటప్పుడు బెల్లంతో చేసిన చెనిక్కాయల ఉండలు కొన్నాను.

మార్చి 4, మంగళవారం

మా ఆయనకు చెయ్యి కలపడం రాదు. "చెయ్యి పట్టండి" అన్నాను. కుడి చెయ్యి గుంటగా పట్టి, కింద ఎడమ చెయ్యి ఆనించి, ప్రసాదానికి పట్టినట్టు పట్టాడు. ఉండ పెట్టాను. కళ్లకద్దుకుని తిన్నాడు. చెనిక్కాయల ఉండను కళ్లకద్దుకున్న మనిషిని నేను వేరే చూడలేదు.

ఇక నేను ఇంట్లోకి వచ్చినప్పుడల్లా ఇంతే. కాఫీతో ఒకటి, సాయంత్రం ఒకటి. నన్ను గుర్తుపట్టాలని కాదు. ఊరికే.

మార్చి 17, సోమవారం

పని ఏదో తేలింది. నా కళ్ల ముందే ఉంది, నా చేతుల్లోనే ఉంది.

మా అమ్మ పూలు కట్టింది. మా అక్క సంతోషమ్మ తిలక్ రోడ్డులో పూల అంగడి పెట్టింది. నేను పీహెచ్‌డీ పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని, కళ్లతో చదువుతూ చేతులతో మల్లెలు కట్టేదాన్ని. కళ్లూ చేతులూ ఒకదాన్నొకటి అడగకుండా పని చేసుకునేవి. ఇప్పటికీ చేస్తాయి.

రమణను అంగడికి తీసుకుపోయాను. అక్క ఎగాదిగా చూసింది. "మొగోడి వేళ్లు మే కోమలీ, మల్లెమొగ్గలు నలిగి చస్తాయి" అంది. అయినా పీట వేసింది. నేను రమణ ఎదురుగా కూర్చుని చూపించాను. రెండు మొగ్గలు ఇటు, రెండు మొగ్గలు అటు, కాడలు కలవాలి, దారం మెలి, లాగు. ఆయన నాలుగు మొగ్గలూ ఒకవైపే పెట్టి మెలి వేశాడు. దారం ఎత్తగానే పూలన్నీ రాలిపోయాయి. "అట్ల కాదు, ఇట్ల" అన్నాను. మళ్లీ వేశాడు. "అట్ల కాదు" అన్నాను.

మార్చి 19

అదే తప్పు.

మార్చి 21

అదే తప్పు. నాలుగు మొగ్గలూ ఒకవైపే. చేతులు చురుగ్గానే ఉన్నాయి, తప్పు కూడా చురుగ్గానే చేస్తున్నాయి.

మార్చి 24, సోమవారం

అరిచాను. నడిబజారులో, అక్క ముందు, కొనడానికి వచ్చినవాళ్ల ముందు. "ఎన్నిసార్లు చెప్పల్ల నీకు!" అని అరిచాను. ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు అదే మొదటిసారి. రమణ లేచి నిలబడి, చొక్కాకు అంటిన పూలు దులుపుకుని, "సారీ మేడమ్, నేను కొత్త" అన్నాడు.

అక్క దారం ఉండ చుట్టుకుంటూ కూర్చుంది.

నేను బాగానే ఉన్నానని రాయబోయాను. నేను బాగా లేను. ఈ మనిషి నాకు కావాలి. శాస్త్రం కోసం కాదు, పందెం కోసం కాదు. కాఫీ గ్లాసు రెండు చేతులతో అందుకునే ఈ మనిషి మా ఇంట్లో ఉండాలి, నేను ఎవరో తెలియకపోయినా సరే. ఇన్నాళ్లుగా ఈ మాట రాయకుండా ఏవేవో రాశాను.

మార్చి 27, గురువారం

ఈ రోజు పాఠం నాకు నచ్చనివాళ్ల గురించి. మనసు గినసు జాన్తానై, కనబడే చేష్టలే శాస్త్రం అని అమెరికాలో బల్లగుద్దినవాళ్లు. వాళ్లకు ముందు, పిల్లిని పెట్టెలో పెట్టి తలుపు తీయడం నేర్పినాయన. పిల్లికి తెలివి కలిగి తలుపు తీయదు. ఏదో ఒకటి చేస్తుంది, ఏది పనికొస్తే అది కాలికి అంటుకుంటుంది. నేను ఏటా వీళ్లను దులిపి ఆరేస్తాను. ఈ ఏడు కూడా మొదలుపెట్టాను.

కృపారాణి చెయ్యెత్తింది. "మరి పనికిరానిది అంటుకుంటే మేడమ్?"

"అంటుకోదు. అది తప్పని తెలిసి..." అని ఆగిపోయాను.

ఎవరికి తెలిసి? తప్పు చేశానని గుర్తుంటే కదా మానుకునేది! రమణకు నిన్నటి తప్పు గుర్తు లేదు. చేతికి మాత్రం ఉంది. చేతికి తప్పూ ఒప్పూ తెలియవు, చేసిందే నేర్చుకుంటుంది. నేను రోజూ ఆయన చేత తప్పు చేయించి, ఆ తప్పునే సాధన చేయిస్తున్నాను. జ్ఞాపకం పోయినవాళ్లకు తప్పు చేయనివ్వకుండా నేర్పాలని మా శాస్త్రంలో ఒక పద్ధతే ఉంది. పరీక్ష పేపర్లలో దాన్ని దిద్దినదాన్ని నేనే.

ఇంకో సంగతి కూడా ఉంది. నేను ఎదురుగా కూర్చున్నాను. నా కుడి ఆయనకు ఎడమ. అద్దం బల్ల మీద నెగ్గిన మనిషికి నేనే ఇంకో అద్దమై కూర్చున్నాను.

క్లాసు మధ్యలో పకపకా నవ్వాను. పిల్లలు భయపడ్డారు. పిల్లి పెట్టె ఆయనకు మనసులోనే దండం పెట్టుకుని, గంట కొట్టకముందే క్లాసు వదిలేశాను.

మార్చి 28, శుక్రవారం

పక్కన కూర్చున్నాను. భుజానికి భుజం ఆనించి. నా చేతులు ఆయన చేతుల మీద పెట్టాను. మాట లేదు. రెండు ఇటు, రెండు అటు, మెలి, లాగు. వేలు తప్పు వైపు కదలబోతే, కదలకముందే ఆపాను. పడ్డ తప్పును దిద్దడం లేదు, పడనివ్వడం లేదు. పాత తప్పు కొన్నాళ్లు పెనుగులాడుతుంది, దాన్ని ఆకలికి మాడ్చాలి.

"ఏమి పాఠమో ఇది, మొగుడు పెండ్లాలు చేతులు పట్టుకుని కూసునేదానికి" అంది అక్క.

ఏప్రిల్ 7, సోమవారం

రెండు ఇటు, రెండు అటు. ఈ రోజు ఎడమ చెయ్యి వదిలేశాను.

ఏప్రిల్ 14, సోమవారం

రెండు చేతులూ వదిలేశాను. దారం ఎత్తాడు. ఒక్క మొగ్గ రాలలేదు.

"ఎవురు నేర్పించినారు నీకు?" అని అక్క అడిగింది. రమణ ఆలోచించాడు. "ఎవురూ నేర్పీలేదే. నాకు ఎప్పటి నుంచో వచ్చు" అన్నాడు. నేను నేర్పినదంతా పోయింది, నేర్చుకున్నది ఉంది. అంతకన్నా గొప్ప మెప్పు ఏ గురువుకూ దక్కి ఉండదు. పక్క సందులోకి పోయి కరువుతీరా ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చాను.

ఏప్రిల్ 23, బుధవారం

అంగట్లో కొత్త తగాదా. పూలు మూరతో అమ్ముతాం కదా, మోచేతి నుంచి వేలి కొస దాకా. రమణ ఆరడుగుల మనిషి. "వాడి మూర నా మూరన్నర మే. ఇట్లయితే అంగడి మూసుకోవల్ల" అని అక్క మొత్తుకుంది. ఆడవాళ్లు ఆమెను దాటుకుని పోయి రమణ దగ్గర బారులు తీరుతున్నారు. ఇక ఆయన కట్టడమే, కొలిచేది అక్క అని తీర్పు చెప్పాను.

సాయంత్రం కాలేజీ నుంచి నేరుగా అంగడికి పోతాను. ఆయన కట్టిన దాంట్లో ఒక మూర నాకని ఆయన చేతే తడిగుడ్డలో చుట్టి పక్కన పెట్టించి, ఇంటికి తెచ్చి కిటికీలో పెట్టుకుంటాను. తలలో పెట్టుకోను.

మే 1, గురువారం

సాయంత్రం అంగడి మెట్టు ఎక్కుతున్నాను. సంచీలోంచి ఉండ ఇంకా తీయలేదు. రమణ తలెత్తి నన్ను చూశాడు. కుడి చెయ్యి దారం వదిలేసి, గుంటగా, ముందుకు వచ్చింది. ఆ చేతిని ఆయనే వింతగా చూసుకున్నాడు.

"ఏంది మేడమ్, అడుక్కునేవాడి మాదిరి చెయ్యి చాస్తా ఉండాను" అన్నాడు సిగ్గుపడుతూ.

జెనీవా డాక్టరు గారూ, విన్నారా? మీ సూదికి నా చెనిక్కాయల ఉండ జవాబు.

మే 9

ఊరంతా జాతర. గంగమ్మ వేషాల వాళ్లు వీధుల్లో. అంగట్లో ఊపిరాడని పని. రమణ తల ఎత్తకుండా కడుతున్నాడు. బావ ఫోను చేశాడు. ఆదివారం కాదు, పై ఆదివారం కారు తెస్తున్నాడట.

మే 18, ఆదివారం

వచ్చారు. ఇంట్లో రమణ లేడు. "యాడికి పోయినాడు?" అని బావ కంగారుపడ్డాడు. "పనికి" అన్నాను. ఆ మాట అనడానికే మూడు నెలలు బతికానేమో.

తిలక్ రోడ్డులో కారు ఆగింది. అత్త దిగి, అంగడి ముందు నిలబడిపోయింది. కొడుకు పీట మీద కూర్చుని ఉన్నాడు. ముందు మల్లెల రాశి, వేళ్ల కింద తెల్లగా సాగుతున్న దండ. ఆమె ముఖం ఎర్రబడింది. "మనింటి బిడ్డ రోడ్డు మీద కూసోని పూలు కట్టేదా" అని ఏదో అనబోయింది. అంతలో రమణ ఆమెను చూసి, "ఎప్పుడొచ్చినావుమా? కూచో" అన్నాడు. చేతులు ఆగలేదు. మాట ఒక దారిన, చేతులు ఒక దారిన. రెండు ఇటు, రెండు అటు.

అత్త ఆ చేతుల్నే చూస్తూ ఉండిపోయింది. కోపం ముఖంలోంచి ఎప్పుడు దిగిపోయిందో ఆమెకే తెలిసినట్టు లేదు.

"సెయ్యి తిరిగిండాది వానికి" అంది మెల్లగా, బావతో.

చేతుల జ్ఞాపకానికి ప్రక్రియా స్మృతి అని ఏటా బోర్డు మీద రాస్తాను. పిల్లలు ఆవలిస్తూ రాసుకుంటారు. పద్యం నోటికి వస్తుంది, పని చేతికి వస్తుంది, చెయ్యి తిరుగుతుంది. ఏ జ్ఞాపకం ఎక్కడ కూర్చుంటుందో నా భాషలో మాట ఉండనే ఉంది, ఉగ్గుపాలతో విన్న మాట. వచ్చే ఏడు బోర్డు మీద అదే రాస్తాను.

"రవణా, ఇంటికి పోదాం దా నాయనా" అంది అత్త. అయినా అంది. తల్లి కదా.

రమణ రాశిని చూపించాడు. "పనుండాది గదమా. నడి మధ్యలో లేసి ఎట్ల వస్తా?"

బావ గొంతు సవరించుకున్నాడు. "అమా, నేను మాటిచ్చినా" అన్నాడు. "వాడు పని నేర్చుకున్నాడు. కొత్త పని. ఇంగ మాట్లాడేదానికి లేదు." ఎండలో నిలబడి అంత సూటిగా ఓటమి ఒప్పుకున్న మనిషిని నేను చూడలేదు. బావ మీద నాకు గౌరవం పెరిగింది.

అత్త ఇంకా కదల్లేదు. రమణ కట్టిన దండలో మూరెడు తెంపి, ఆయన మూరెడు, తడిగుడ్డలో చుట్టి పీట కింద పక్కగా పెట్టాడు. ఎవరూ చెప్పలేదు. నేను అడగనే లేదు.

"అది ఎవురికిరా?" అంది అత్త.

రమణ చుట్టిన గుడ్డను చూశాడు, చేతులు చూసుకున్నాడు. "తెలీదుమా. రోజూ ఎవురికో పెట్టాల" అన్నాడు. తల తిప్పి నన్ను చూశాడు. గుడ్డ విప్పి, పూలు రెండు చేతులతో పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"మీకే అనుకుంటా మేడమ్" అన్నాడు. తర్వాత ఏదో సందేహం వచ్చి, "కొండకు పోరు గదా?" అని అడిగాడు.

"పోను" అన్నాను. "యాడికీ పోను."

"అయితే పెట్టుకోండి."

పెట్టుకున్నాను. అక్క వెనక నుంచి పిన్ను అందించింది. ఆయన మూర కదా, భుజాల మీదికి జారింది. అత్త దగ్గరికి వచ్చి, జారిన దండను మడిచి సర్దింది. సర్దాక, "ఎండ మండిపోతావుండాది, ఇంటికి పోయి ఇన్ని నీళ్లు ఇయ్యి కోమలీ" అంది.

ఇచ్చాను. గ్లాసు ఎత్తి, గటగటా తాగేసింది. ఇంకో గ్లాసు అడిగింది.

మే 19, సోమవారం

గెలిచాను. గెలిచాం.

కాఫీ పట్టుకుని ముందు గదిలోకి పోయాను. రమణ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తల చక్కగా దువ్వుకుని ఉన్నాడు. నన్ను ఎప్పుడూ చూడనట్టు మర్యాదగా చూశాడు.

"మీరెవురు మేడమ్?" అని అడిగాడు. చెయ్యి అప్పటికే చాచి ఉంది.